నడివయసున గోల్ఫు పాఠములు

(సమాజ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సమాజపు వేదికపై గోల్ఫును గూర్చి ప్రసంగమనగానే కొందరు చిరునవ్వు నవ్వుట సహజమే. ఈ వేదిక పద్యములకును, నాటకములకును, సంగీతమునకును అలవాటు పడినది. అదియునుగాక, గోల్ఫు అనగానే మనవారికి మొదట స్ఫురించునది ఆట కాదు, ప్రహరీగోడ. ఢిల్లీలో కాకానగర్, బాపానగర్ క్వార్టర్లలో కాపురమున్న కుటుంబములకు జాకిర్ హుస్సేన్ మార్గమున నున్న గోల్ఫు క్లబ్బు చిరపరిచితమే. కాని దాని పరిచయము వెలుపలినుండియే. లోపల పచ్చికయు, నెమళ్ళును, మొగలుల నాటి సమాధులును కలవని విన్నవారు పెక్కురు, చూచినవారు కొద్దిమంది. అచట సభ్యత్వమునకు దరఖాస్తు పెట్టినవానికి పదవీవిరమణ యైన తరువాత పిలుపు వచ్చునని ఉద్యోగులలో ఒక పరిహాసము కలదు. అట్టి ఆటను గూర్చి ఈ సభలో మాటలాడుట యేల?

ఏలయన, గోడ కొంత తగ్గినది. లాడో సరాయిలో ఢిల్లీ అభివృద్ధి సంస్థవారు నిర్వహించు కుతుబ్ గోల్ఫు మైదానమున ఆడుటకు వంశమర్యాదతో పనిలేదు. రుసుము చెల్లించిన చాలును. బుట్టెడు బంతులు తీసికొని అభ్యాసస్థలమున నిలువవచ్చును, గురువును కుదుర్చుకొనవచ్చును. గోలకొండ నయాఖిలాలోపల సైతము నేడు గోల్ఫు మైదానమొకటి కలదు. కావున కొందరు ఉద్యోగులు వైద్యుని హెచ్చరికవలననో, స్నేహితుని బలవంతమువలననో, పదవిలో పైమెట్టు ఎక్కితిమను ఉత్సాహమువలననో ఈ ఆటలో దిగుచున్నారు. దిగినవారిలో సగముమంది ఆరు నెలలు తిరుగకమునుపే మానివేయుచున్నారు. ఈ సగమను లెక్క ఎవరును కట్టినది కాదు, అభ్యాసస్థలమున కూర్చుండి చూచువారి అంచనా. వారు మానుటకు కారణము ఆట కష్టమగుట కాదు, పాఠము కష్టమగుట. ఆ పాఠమే నేటి విషయము.

నలుబదియారేండ్ల ఉద్యోగి నొకనిని మనసున ఊహించుకొనుడు. పేరుతో పనిలేదు. అండర్ సెక్రటరీ. అతడు వ్రాసిన నోటులో క్రిందివారు అక్షరము మార్చరు. పైవారును అంతగా మార్చరు. గోదావరి కాలువగట్టున కర్రాబిళ్ళ ఆడినవాడు, కళాశాలలో క్రికెట్టు ఆడినవాడు. గాలిలో ఎగిరిన బిళ్ళను కొట్టినవానికి, పరుగెత్తివచ్చు బంతిని కొట్టినవానికి, నేలపై కదలక కూర్చుండిన బంతిని కొట్టుట ఒక లెక్కయా యని అతని తలంపు. మొదటిసారి క్లబ్బు బంతిమీదుగా గాలిలో పోయినది. రెండవసారి బంతి నెత్తిన తగిలి, అది పది గజములు దొర్లినది. మూడవసారి చక్కగా తగిలినట్లే తోచినది కాని బంతి కొంతదూరము పోయి కుడివైపునకు తిరిగి, ప్రక్క చాపపై నున్నవాని హద్దులోనికి పోయినది.

ఇచ్చట ఈ ఆట కిటుకు కలదు. కదలివచ్చు బంతిని కొట్టునపుడు ఆలోచనకు వ్యవధి లేదు. కన్ను చూచును, చేయి పోవును. గోల్ఫు బంతి కదలదు. ఆటగాని ఆలోచనలన్నియు ముగియువరకు ఓపికతో నిరీక్షించును. దినమెల్ల ఫైళ్ళపై ఆలోచించి నోటు వ్రాయువాని కిది మిక్కిలి అపాయకరమైన సదుపాయము. ఆ బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. క్లబ్బు తలయు బంతియు ఒకదానినొకటి తాకియుండు కాలము సెకనులో సుమారు రెండువేలవ వంతు. సామాన్యుడైన ఔత్సాహికుడు డ్రైవరుతో కొట్టునపుడు కూడ క్లబ్బు తల గంటకు 150 కిలోమీటర్లకు దరిదాపు వేగముతో పోవును. తగిలినట్లు చేతికి తెలియునప్పటికి బంతి వెడలిపోయియే యుండును. తాకు క్షణమున సవరించుకొందుమన్నచో వీలులేదు. అందువలననే మంచి గురువు బంతిని గూర్చి తక్కువగాను, ఊపును గూర్చి ఎక్కువగాను మాటలాడును. స్వింగు అను మాటకు ఊపు అను తెలుగుమాట చక్కగా అమరినది. ఊపు అనగా ఊపుటయు, ఉత్సాహమును. ఉత్సాహము హెచ్చిన కొలది ఊపు చెడుట యీ ఆటలోని తమాషా.

కుడివైపునకు తిరిగిపోవు ఆ బంతి సంగతి కొంచెము విపులముగా చెప్పదగినది. దానిని స్లైసు అందురు. కుడిచేతివాటము గల క్రొత్తవారిని పట్టి పీడించు జాడ్యమది. దానికి రోగి తనంతట తాను చేసికొను చికిత్స ఎట్టిదనగా, బంతి కుడికి పోవుచున్నది కదా యని మరికొంత ఎడమకు గురిపెట్టును. క్లబ్బును గొడ్డలివలె భుజముపైనుండి ఎడమప్రక్కకు అడ్డముగా లాగును. అట్లు చేయగా బంతి ఇంకను ఎక్కువగా కుడికి వంగును. మరల ఇంకను ఎడమకు లాగును. ఇది ఎంతకాలమైనను సాగవచ్చును. కొందరికి ఇరువది సంవత్సరములు సాగినది.

కారణము చిన్నదే. బంతి గాలిలో వంపు తిరుగుటకు హేతువు క్లబ్బు పోవు దారికిని, క్లబ్బు ముఖము చూచు దిక్కునకును గల భేదము. ముఖము కుడికి తెరచుకొనియుండగా దారిని ఎడమకు మార్చినచో ఆ భేదము తరుగదు, పెరుగును. మనసునకు తోచిన సవరణయే రోగమును ముదురజేయును. ఇందు మరియొక వింత కలదు. బంతి మొదట బయలుదేరు దిక్కు క్లబ్బు దారిని బట్టి యుండునని పెక్కు పాతగ్రంథములు బోధించినవి. ఈ శతాబ్దమున బంతిని వెంబడించు రాడారు యంత్రములు అభ్యాసస్థలములకు వచ్చి, ఆ దిక్కును ముఖ్యముగా నిర్ణయించునది ముఖమేయని తేల్చినవి. అనగా కొన్ని దశాబ్దములపాటు గురువులు కారణమును తప్పుగా చెప్పుచు శిష్యులను బాగుగనే తీర్చిదిద్దిరి. సిద్ధాంతము తెలియుట వేరు, కన్ను తెలియుట వేరు.

బంతి నేలపై దొర్లుటయు ఇట్టిదే. క్రొత్తవాడు దానిని పైకి లేపవలెనని క్లబ్బును క్రిందినుండి పైకి తోడును. అప్పుడు క్లబ్బు అంచు బంతి నడుమునకో నెత్తికో తగులును. ఐరన్ అను క్లబ్బు ముఖము వెనుకకు వాలియుండును. లేపు పని ఆ వాలుది. మనిషి దానిని క్రిందికి పోనిచ్చినచో బంతి మీదికి లేచును.

ఇక పాఠము. గోల్ఫు నేర్పినవారిలో ఎర్నెస్టు జోన్సు అను ఆంగ్లేయుని కథ తెలియదగినది. ఆయన ఇంగ్లండులో కెంటు ప్రాంతమున చిసిల్‌హర్స్టు క్లబ్బున వృత్తి ఆటగాడు. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై ఫ్రాన్సునకు పోయి, 1916లో గాయపడి, కుడికాలు మోకాటిక్రింద పోగొట్టుకొనెను. బంతిని దూరముగ కొట్టుటకు కాళ్ళును, తుంటియును, బరువును మార్చుటయు ఇట్లిట్లని ఆనాటి పుస్తకములు చెప్పుచుండెడివి. ఆ లెక్కన అతని ఆట ముగిసినట్లే. కాని ఆయన ఒంటికాలిపై నిలిచి మరల ఆడెను. కొలదికాలమునకే పదునెనిమిది గుంటల ఆటను తొంబది దెబ్బలకు లోపుననే ముగింపగలిగెను. రెండుకాళ్ళు గల ఔత్సాహికులలో మిక్కుటముగా ఈనాటికిని ఆ లెక్కను అందుకొనలేరు. ఆయన తనను తాను ప్రశ్నించుకొనెను: కాలు పోయినను పోనిది ఏది? క్లబ్బు తలను ఊపు శక్తి. అంతే. తరువాత ఆయన అమెరికాకు పోయి, న్యూయార్కు నగరములో గదిలోపలనే పాఠములు చెప్పెను. శరీరమునందలి ఏ భాగమును గూర్చియు శిష్యుని చెవిన వేయక, క్లబ్బు తలను ఊపుమని మాత్రమే చెప్పెడివాడు. ఆయన శిష్యురాలు వర్జీనియా వాన్ వీ 1932, 1933, 1934 సంవత్సరములలో వరుసగా అమెరికా మహిళా ఔత్సాహిక విజేత యయ్యెను.

ఆయన పాఠమునకు వలసిన సాధనములు రెండు: జేబురుమాలు, దాని కొనకు కట్టిన చిన్న కత్తి. రుమాలు రెండవ కొనను పట్టి ఊపుమనువాడు. మెల్లగా, కుదురుగా ఊపినంతవరకు రుమాలు బిగువుగా నుండి కత్తి చక్కని వలయమున పోవును. తొందరపడి చేతితో నెట్టబోయిన క్షణమున రుమాలు ముడుతపడును, కత్తి దారితప్పును. గుడ్డ అబద్ధమాడదు. జొన్నచేల మంచెపై వడిసెల త్రిప్పినవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వడిసెలలోని రాతిని ఎవరును నెట్టరు. త్రాటిని నెట్టుట అసాధ్యము. త్రిప్పుదురు, విడుతురు, రాయి పోవును. మన అండర్ సెక్రటరీ గురువు జోన్సు పేరు వినినవాడు కాడు; అయినను మొదటినాడు అతడు చెప్పినది ఇదియే.

"సార్, మీరు బంతిని కొడుతున్నారు."

"కొట్టక మరేం చేయాలి?"

"క్లబ్బును తిప్పండి. దారిలో బంతి ఉంటుంది, అంతే."

ఇంటివద్ద పరీక్షించి చూడదలచినవారు చేరుమాలు కొనకు తాళపుచెవుల గుత్తి కట్టుకొనవచ్చును. అద్దములును, పసిపిల్లలును దూరముగ నుండవలెను.

క్లబ్బును పట్టుకొనుట మొదటి పాఠము; పెక్కుమందికి పదవ పాఠమును అదియే. బిగించి పట్టినచో ముంజేతులు కొయ్యబారును. వదలుగా పట్టినచో క్లబ్బు చేతిలో తిరిగిపోవును. రద్దీవీథి దాటునపుడు పసిబిడ్డచేతిని పట్టుకొను బిగువు చాలును. బిడ్డకు నొప్పి కలుగరాదు, చేయి జారరాదు. ఇక దేహము త్రిప్పుట. క్రొత్తవాడు వెనుకకు పోవునపుడు కుడిప్రక్కకు ఒరుగును, ముందునకు వచ్చునపుడు ఎడమప్రక్కకు ఒరుగును. ఒరుగరాదు, తిరుగవలెను. కవ్వము కుండలో అటునిటు పోదు. నిలిచినచోటనే యిరువైపుల తిరుగును. వెన్న చిలికిన ఇండ్లలో పెరిగినవారికి ఈ పోలిక ఒక్కటి చాలును. కాలపరిమాణమును గూర్చియు ఒక మాట. గొప్ప ఆటగాండ్ర ఊపులను చిత్రముల సాయమున కొలిచినవారికి, క్లబ్బు వెనుకకు పోవు కాలము క్రిందికివచ్చి బంతిని తాకు కాలమునకు దాదాపు మూడురెట్లుగా కనబడినది. వెనుకకు మూడు మాత్రలు, ముందునకు ఒక మాత్ర. తాళజ్ఞానము గల ఇల్లాండ్రు దీనిని భర్తలకంటె త్వరగా పట్టుకొందురు. ఈ ఆట తమది కాదనుకొను బాలికలకు ఒక సంగతి: 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సున బెంగుళూరు యువతి అదితి అశోక్ నాలుగవ స్థానమున నిలిచెను.

పాఠములు మొదలైన ఆరువారములకు మన ఉద్యోగి ఆట మెరుగుపడినదా? లేదు, దిగజారినది. పాఠములకు ముందు పది బంతులలో మూడైనను ముందుకు పోయెడివి. ఇప్పుడు ఒకటి. ప్రక్క చాపపై తన శాఖలోని గుమాస్తా కుమారుడు, పదునాలుగేండ్లవాడు, నవ్వుచు త్రుళ్ళుచు బంతులను తిన్నగా పంపుచున్నాడు. వాని తండ్రి మర్యాదకై మొగము అటు త్రిప్పుకొనుచున్నాడు. సభికులలో ఎవరైనను నలుబదియవ యేట సంగీతమో, ఈతయో, కారు నడుపుటయో మొదలుపెట్టియున్నచో ఈ ఘట్టము వారికి విదితమే. కార్యాలయమున తప్పుచేసినను ఎదుట ఎవరును అనరు. ఇచ్చట తప్పు గాలిలో ఎగిరి అందరికిని కనిపించును.

దిగజారుటకు హేతువు కలదు. పాత తప్పును కప్పుకొనుటకై దేహము తనంతట తాను మరియొక తప్పును కల్పించుకొనును. రెండును కలసి ఏదో విధముగ నెగ్గుకొనివచ్చును. ఒక శాఖలోని ఆలస్యమును కప్పుటకు మరియొక శాఖ అదనపు రిజిస్టరు నొకటి పెట్టుకొన్నట్లుండును. గురువు మొదటి తప్పును తొలగించిన దినమున రెండవది దిక్కులేనిదై మిగులును. రిజిస్టరు మాత్రము కొనసాగును. పట్టు మార్చిన వెంటనే బంతి చెడుట శుభసూచకమని గురువు చెప్పగా మన ఉద్యోగి నమ్మలేదు. మానివేయదలచెను.

అప్పుడు గురువు తన చరవాణితో అతని ఊపును చిత్రించి చూపెను. అంతవరకు క్లబ్బు తన భుజముదాక మాత్రమే పోవుచున్నదని, అదియు నిదానముగనే పోవుచున్నదని ఉద్యోగి నమ్మకము. చిత్రములో క్లబ్బు మెడవెనుకకు చుట్టుకొనిపోయి, క్రిందికి వచ్చునపుడు బంతితో ఆజన్మవైరము గలవానివలె విరుచుకుపడుచున్నది. తాను చేయుచున్నానని తలచునది వేరు, చేయునది వేరు. ఆ చిత్రమును అతడు నాలుగుసార్లు చూచెను. ఐదవసారి అడుగలేదు.

పుస్తకములు చదివి నేర్చుకొనరాదా యని అడుగువారు కలరు. 1957లో బెన్ హోగన్ తన ఐదు పాఠముల గ్రంథమును ప్రకటించెను. అందలి చిత్రములు నేటికిని అందమైనవి. పట్టును గూర్చి అంత విపులముగా వ్రాసినవారు అరుదు. అయితే హోగన్ బాధ ఎడమకు తిరుగు బంతితో. ఆయన మందు ఆయన రోగమునకు తగినది. కుడికి తిరుగు బంతిగల సామాన్యుడు ఆ పట్టును అక్షరాల అనుసరించినచో రోగము ముదురుటకు అవకాశము కలదు. నేడు చరవాణిలో గంటకొక గురువు కనిపించుచున్నాడు. ఒకడు నిలువుమనును, ఒకడు కదలుమనును. ఇద్దరును సరియే, ఎవరికో ఒకరికి. ఎదుట నిలిచి చూచినవాడు చెప్పినదే మందు.

చూచి నేర్చుకొన్నవారిలో అగ్రగణ్యుడు బాబీ జోన్సు. ఇతనికిని పైని చెప్పిన ఎర్నెస్టు జోన్సునకును బంధుత్వము లేదు. అమెరికాలో అట్లాంటా నగరమున ఈస్టులేకు క్లబ్బునొద్ద పెరిగిన బాలుడు. అచ్చటి వృత్తి ఆటగాడు స్టూవర్టు మెయిడెన్ స్కాట్లండు దేశమున కార్నూస్టీనుండి వచ్చిన మితభాషి. బాలుడు అతని వెంట నడచుచు, ఊపు చూచి చూచి, అటులనే ఊపుట నేర్చెను. పాఠమని ఒకనాడు కూర్చుండి చెప్పించుకొన్నది తక్కువ. ఇట్టి అనుకరణశక్తి పిల్లలకు పుష్కలము, పెద్దలకు బహుకొంచెము. గుమాస్తా కుమారుని విజయరహస్యము అదియే. బాబీ జోన్సు కడవరకు ఔత్సాహికుడుగనే యుండెను. ఇంజనీరింగు చదివెను, హార్వర్డున ఆంగ్లసాహిత్యము చదివెను, న్యాయవాది యయ్యెను. 1930లో ఒకే సంవత్సరమున బ్రిటన్, అమెరికాల ఓపెన్ పోటీలు రెండును, ఔత్సాహిక పోటీలు రెండును గెలిచి, ఇరువదియెనిమిదవ యేట పోటీలనుండి విరమించెను.

అతనిని గూర్చి అందరును చెప్పునది 1930. అంతకంటె తలచుకొనదగినది 1921. ఆ యేట సెయింట్ ఆండ్రూసులో మూడవ ఆటనడుమ, పదునొకండవ గుంటవద్ద, కోపమును పట్టలేక బంతిని చేతికి తీసికొని పోటీనుండి తొలగెను. పందొమ్మిదేండ్లవాడు. ఊపులో లోపము లేదు. ఆరేండ్లకు, 1927లో, ఆ మైదానముననే బ్రిటిషు ఓపెన్ గెలిచెను. 1958లో ఆ పట్టణమువారు అతనికి పౌరగౌరవమిచ్చినపుడు, వెన్నెముక వ్యాధిచే అతడు నడచుట కష్టమైన స్థితిలో నుండెను.

మన దేశమునకు వచ్చినచో, 1829లో స్థాపితమైన రాయల్ కలకత్తా గోల్ఫు క్లబ్బు బ్రిటిషు దీవులకు వెలుపల ఉన్నవానిలో మిక్కిలి ప్రాచీనమైనది. 1965లో ఆ మైదానమున ఇండియన్ ఓపెన్ గెలిచిన పి. జి. సేఠీ ఔత్సాహికుడు, ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయుడును అతడే. తరువాత ఆ బిరుదము మరియొక భారతీయుని వరించుటకు 1991 వరకు ఆగవలసివచ్చెను. అప్పుడు గెలిచినవాడు అలీ షేర్, ఢిల్లీ గోల్ఫు క్లబ్బులో క్యాడీగా సంచులు మోసినవాడు. 1993లో మరల గెలిచెను. 2016, 2017 సంవత్సరములలో వరుసగా గెలిచిన ఎస్. ఎస్. పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్బున పచ్చిక సంరక్షకుడు. చౌరాసియాకు గురువు లేడు, చూచి నేర్చినవాడు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఈ దేశమున గోల్ఫు నేర్పువారిలో పెక్కురు ఒకప్పుడు ఇతరుల సంచులు మోసినవారు. దొరలు ఆడిరి, వీరు వెనుక నడచిరి. తరువాత అధికారులు ఆడిరి, వీరు వెనుకనే నడచిరి. సభ్యుని ఊపులోని లోపము సభ్యునికంటె ముందు క్యాడీకి తెలియును, కాని అడుగనిదే చెప్పరాదు. ఏ క్లబ్బు వాకిట వారు లోనికి పోరాదో, ఆ క్లబ్బుననే వారి కన్ను సానదేరినది. నలుబది దాటిన అధికారి పాఠమునకు పోయినపుడు, అతనికి తెలియకయే ఈ వరుస తలక్రిందులగును. బడిచదువు అంతగా లేని యువకుడు, "సార్, తల ఎత్తకండి" అనును. సారు తల ఎత్తరాదు.

గుంటలోనికి బంతిని దొర్లించు ఆటను గూర్చి చెప్పవలసినది చాలగలదు కాని వేళ లేదు. పార్ 72 గల మైదానమున లెక్కప్రకారము సగము, అనగా 36 దెబ్బలు, పచ్చికపై దొర్లించుటకే కేటాయింపబడినవి. 108 మిల్లీమీటర్ల గుంట. ఔత్సాహికులు తమ సాధనలో సగము కాలము దానికి వినియోగింపరు. బలము చూపుటకు అందు చోటు లేదు. హ్యాండీక్యాప్ పద్ధతియు ఒకటి కలదు. 2020నుండి అమలులోనున్న ప్రపంచ పద్ధతిలో ఆటగాని చివరి ఇరువది లెక్కలలో ఉత్తమమైన ఎనిమిదింటిని తీసికొందురు. క్రొత్తవానికి 54 వరకు వెసులుబాటు. అందువలన గుమాస్తాయు, అండర్ సెక్రటరీయు, పదునాలుగేండ్ల బాలుడును ఒకే పందెమున సమముగ ఆడవచ్చును. ఇట్టి సౌకర్యము ఇతర క్రీడలలో అరుదు. కార్యాలయములలో అసలే లేదు.

మన ఉద్యోగి మానలేదు. పదునొకండవ పాఠమునాటికి పదింటిలో నాలుగు బంతులు తిన్నగా పోవుచున్నవి. నాలుగే. పన్నెండవ పాఠము ఒక శనివారము ఉదయము. మంచు విచ్చుచు, దూరమున కుతుబ్ మీనారు పైభాగము మాత్రము కనిపించుచున్నది. గురువు చెప్పినట్లు బంతిని తలపక, రుమాలు కొననున్న గుత్తిని తలచుకొని క్లబ్బును త్రిప్పెను. చేతికి ఏమియు తగిలినట్లు తెలియలేదు. తల ఎత్తునప్పటికి బంతి చాలదూరమున, సన్ననిదై, తిన్నగా పోవుచున్నది. మరుసటి బంతి కుడికి పోయెను. దాని తరువాతిదియు పోయెను.

బుట్ట ఖాళీయైన పిదప అతడు గురువును మొదటిసారి ఒక ప్రశ్న యడిగెను.

"నీకెవరు నేర్పారు బాబూ?"

"ఎవరూ లేదు సార్. సంచి మోస్తూ వెనకనుంచి చూశాను. సోమవారం క్లబ్బుకు సెలవు. ఆ రోజు మమ్మల్ని ఆడనిచ్చేవారు."

ఉద్యోగి లోనికిపోయి, మరియొక బుట్టెడు బంతులకు రుసుము చెల్లించి తెచ్చెను. క్లబ్బును గురువు చేతికిచ్చెను. తాను తన సంచిని భుజమున తగిలించుకొని, నాలుగడుగులు వెనుకకు పోయి నిలిచి చూచుచుండెను.